కోడూరు తలుపు చెక్క మీది కోటు మనిషి

ఆ రోజుల్లో గూఢచారి నవలకు అట్ట ముందు తయారయ్యేది, కథ తరువాత తయారయ్యేది. ఇప్పుడు ప్రెస్సుల్లో పనిచేస్తున్న కుర్రాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ అందులో లెక్క ఉంది. ఒక్క అట్ట కోసం మెషీను ఎక్కించి, మూడు రంగులకూ మూడుసార్లు తిప్పితే గిట్టదు. నాలుగు అట్టలు ఒకే కాగితం మీద కలిపి అచ్చు వేస్తే గిడుతుంది. అందుకని రాబోయే నాలుగు నెలల పుస్తకాల అట్టలు ఒకేసారి అచ్చయి, ఎండి, కోతకు వెళ్లి, బైండింగు గదిలో బొత్తులుగా కూర్చునేవి. రచయిత గారు ఆ బొత్తుల పక్కనే బల్ల వేయించుకుని, అట్ట మీద పడవ ఉంటే కథలో పడవ పెట్టి, దీపస్తంభం ఉంటే దీపస్తంభం పెట్టి రాసుకునేవారు. ఒకసారి మా చిత్రకారుడు పరధ్యానంలో గూఢచారికి ఎడమ చేతిలో పిస్తోలు పెట్టాడు. ఆ నెల కథలో మొదటి పేజీలోనే గూఢచారి కుడి చెయ్యి విరిగింది.

బందరులో ఆ ప్రెస్సులో నేను లెక్కలు చూసేవాణ్ణి. ఒక పనికి ఎంత కాగితం పడుతుంది, ఎంత వృథా పోతుంది, ఏ కొలత కాగితం ఎలా మడిస్తే కోతలో తక్కువ పోతుంది, ఇదీ నా పని. నేను థర్డు ఫారంతో చదువు ఆపినవాణ్ణి. ఈ లెక్కలు నాకు ఎవరూ చెప్పలేదు. పాత వార్తాపత్రికను మడిచి, విప్పి, మళ్లీ మడిచి నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా కాగితం చేతికిస్తే, అందులో రాసింది చదివే ముందు అది ఎన్ని మడతలు పడుతుందో చూస్తాను.

అట్టలు దాచడం కూడా పనిలో భాగంగానే మొదలైంది. మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్న మొదటి కాగితాన్ని పక్కన పెట్టుకుంటే, మళ్లీ అచ్చు వేసేటప్పుడు రంగు పోల్చుకోవడానికి పనికొస్తుంది. అలా పెట్టుకున్నవి కొన్నాళ్లకు ఇంటికి చేరాయి. తరువాత అవసరం పోయింది, అలవాటు మిగిలింది. కంపోజిటర్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. "పుస్తకం చదవవు, అట్ట దాస్తావు. అరటిపండు పారేసి తొక్క దాచుకునేవాణ్ణి నిన్నే చూశాం" అనేవాళ్లు. నిజమే, నేను ఆ నవలలు చదవలేదు. ఒకటి మొదలుపెట్టాను. అందులో గూఢచారి పొద్దున బందరులో రైలెక్కి మధ్యాహ్నం భోజనానికి బొంబాయిలో దిగాడు. అక్కడ మూసేశాను.

కానీ అట్టలు వేరు. ప్రతి అట్ట మీదా ఒకే మనిషి. మోకాళ్లు దాటిన పొడుగు కోటు, పైకి లేపిన కాలరు, కళ్ల మీదికి దించిన టోపీ. బందరు ఎండలో అలాంటి కోటు వేసుకుని కోనేరు సెంటరు దాకా నడిచినవాడు పుట్టలేదు. అయినా జనం ఆ కోటు చూసే పుస్తకం కొనేవాళ్లు. షాపులో రచయిత పేరు అడిగేవాళ్లు కాదు. "కోటు మనిషిది కొత్తది వచ్చిందా?" అని అడిగేవాళ్లు.

ఆ బొమ్మలు వేసే చిత్రకారుడిది గూడూరు దగ్గర ఒక పల్లె. తండ్రి చర్చిలో ఉపదేశి. ఆదివారపు బడి పిల్లలకు చూపించే బైబిలు బొమ్మల పటాలు మాసిపోతే, వాటికి మళ్లీ రంగులు దిద్దడంతో ఇతనికి చెయ్యి కుదిరిందట. పిస్తోలు గీస్తూ కూడా సన్నగా కీర్తనలు పాడుకునేవాడు. నన్ను "లెక్కల బావా" అని పిలిచేవాడు. మా ఇద్దరి కులాలూ వేరు, మతాలూ వేరు. బావ అనడానికి బందరులో అవేమీ అడ్డు కావు.

అతనికి ఒకటే కోరిక. అట్ట మీద ఎక్కడో ఒక మూల తన పేరు పడాలి. ఏడాదికోసారి ఈ మాట యజమాని ముందు పెట్టేవాడు. ఆ సంభాషణ ప్రతిసారీ ఒకేలా ఉండేది.

"పేరు వేస్తే రేపు రేటు పెంచమంటావు" అనేవారు యజమాని.

"రేటు వద్దండయ్యగారూ. పేరు చాలు."

"రచయిత పేరే చిన్నక్షరాల్లో వేస్తున్నాను. కొనేవాడు కోటు చూసి కొంటున్నాడయ్యా, పేర్లు చూసి కాదు."

"ఆ కోటు నేనే కదండీ వేసేది."

"అందుకే కదా నీకు జీతం."

ఒక ఏడాది ఈ సంభాషణ అయ్యాక అతను తన కుంచెలు గుడ్డలో చుట్టుకుని గుడివాడ వెళ్లిపోయాడు. అక్కడ కొత్తగా పుస్తకాలు వేయడం మొదలుపెట్టిన ఒక వ్యాపారి నెల జీతం ఇస్తానన్నాడు, పేరు కూడా వేస్తానన్నాడు. మూడు నెలలు తిరక్కముందే గుడివాడ నుంచి ఒక గూఢచారి నవల బయటికి వచ్చింది. అదే కోటు, అదే కాలరు, అదే టోపీ.

మా యజమాని ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. "మన మనిషి గుడివాడలో తిరుగుతున్నాడు" అన్నారు.

బందరు ప్రెస్సుల వాళ్లకు, ప్రచురణకర్తలకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. తగువు వస్తే కోర్టుకు వెళ్లేవాళ్లు కాదు. ఈడేపల్లిలో ప్రాక్టీసు మానేసిన ఒక వృద్ధ ప్లీడరు గారి అరుగు మీదికి వెళ్లేవాళ్లు. ఆయన చెప్పింది రెండు పక్షాలూ వినేవి. వినకపోతే మరుసటి రోజు నుంచి ఆ మనిషికి ఊళ్లో ఎవరూ అరువు మీద కాగితం ఇచ్చేవాళ్లు కాదు.

మొదటిసారి అరుగు మీద కూర్చున్నప్పుడు నేనూ ఉన్నాను. మా యజమాని మాట సూటిగా ఉంది. బొమ్మలన్నీ జీతం ఇచ్చి వేయించుకున్నాను, కోటు మనిషి నా మనిషి, గుడివాడలో ఆపించండి అన్నారు. చిత్రకారుడి మాటా సూటిగానే ఉంది. "ఒకటో నంబరు పుస్తకం నాటికి నేను జీతగాణ్ణి కానండి. ఒక్క అట్ట కోసం పిలిస్తే వచ్చాను. అప్పుడే ఆ మనిషిని పుట్టించాను. తర్వాత వేసినవన్నీ దానికి నకళ్లేనండి" అన్నాడు.

ప్లీడరు గారు గుడివాడ వ్యాపారి వైపు తిరిగారు. "ఒకవేళ కోటు మనిషిని వెయ్యకూడదని నేను చెబితే ఏం చేస్తావయ్యా?"

"చేసేదేముందండీ" అన్నాడు ఆయన, చిత్రకారుణ్ణి చూడకుండా. "కోటు లేని ఈయన్ని నేనేం చేసుకుంటానండి? వేరే దారి చూసుకోమంటాను."

చిత్రకారుడు తల దించుకున్నాడు. అప్పటికే భార్యనీ ఇద్దరు పిల్లల్నీ గుడివాడకు మార్చాడు. పిల్లల్ని అక్కడి బళ్లో వేశాడు. వెనక్కి వద్దామంటే, మా యజమాని అతని కుర్చీలో అప్పటికే బెజవాడ కుర్రాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టారు.

"అయితే ఒకటో నంబరు అట్ట తెండి" అన్నారు ప్లీడరు గారు. "అందులో ఉన్న బొమ్మ ఈయనదైతే ఈయన మాట చూద్దాం. కాకపోతే ఆయన మాట చూద్దాం. వచ్చే నెల మొదటి ఆదివారం, చర్చి అయ్యాక."

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నా దగ్గర రెండో నంబరు నుంచి వరసగా అన్నీ ఉన్నాయి. ఒకటో నంబరు లేదు. అది వచ్చేనాటికి నేను ప్రెస్సులో చేరలేదు. చేరాక వెతికితే దొరకలేదు. ఒక పుస్తకం తరువాత మరొకటి వస్తుందని తెలియనప్పుడు మొదటిదాన్ని ఎవరూ దాచరు. ఆ బొమ్మను అచ్చు వేసిన లోహపు బ్లాకును కూడా ఎప్పుడో కరిగించేశారు.

యజమాని నాకు సెలవు ఇచ్చి, బస్సు ఛార్జీలు ఇచ్చి పంపించారు. నేను ఎవరి పక్షమూ కాదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నా జీతం యజమానిది. నా స్నేహం చిత్రకారుడితో. నాకు కావలసింది మాత్రం ఒకటో నంబరు.

వెతకాల్సింది పుస్తకాల షాపుల్లో కాదు, అద్దె పుస్తకాల షాపుల్లో. అద్దె షాపు వాడు కొత్త పుస్తకం రాగానే మొదట చేసే పని అట్ట పీకడం. పలచటి అట్ట నాలుగు చేతులు మారేసరికి ఊడిపోతుంది కాబట్టి, దాన్ని తీసేసి దళసరి అట్ట వేసి, పురికొసతో కుట్టేవాళ్లు. పీకిన బొమ్మ అట్టను షాపు తలుపు చెక్కలకు లోపలి వైపు అంటించేవాళ్లు. పొద్దున్నే షాపు తెరిచి ఆ నిలువు చెక్కల్ని బయట గోడకు ఆనిస్తే, అవే బోర్డులు. ఏ పుస్తకాలున్నాయో దూరం నుంచే తెలుస్తుంది.

గుడివాడ రైల్వేస్టేషను దగ్గర షాపులన్నీ తిరిగాను. అక్కడ తలుపు చెక్కల మీద గుడివాడ కోటు మనిషి, బందరు కోటు మనిషి పక్కపక్కనే ఉన్నారు. ఒక షాపాయన్ని ఏది ఎక్కువ పోతోందని అడిగాను. "తేడా ఎవరికి తెలుసండీ? కోటుంటే చాలు" అన్నాడు. ఘంటసాలలో కాఫీ హోటలు నడుపుతూ పుస్తకాలు కూడా అద్దెకిచ్చే ఒకాయన, అట్ట మీద అట్ట అంటించి చెక్కను రొట్టెలా మందం చేశాడు. తడిపి ఒక పక్క నుంచి లేపి చూశాం. అడుగున సినిమా నోటీసు బయటపడింది. చివరికి ఆయనే చెప్పాడు. "ఇలా కాదండి. కోడూరులో ఒకావిడ ఉంది. ఆవిడ పాతదాని మీద కొత్తది అంటించదు. ఆ షాపుకెళ్లండి."

అవనిగడ్డ మీదుగా కోడూరు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. షాపు బస్సులాగే చోటికి ఎదురుగానే ఉంది. గోడకు ఆనించిన చెక్కల మీద అట్టలు పై నుంచి కిందికి వరసగా, ఒక్కటీ వంకర లేకుండా అంటించి ఉన్నాయి. లోపల నలభై ఏళ్ల మనిషి కూర్చుని పుస్తకం కుడుతోంది.

"ఏం పుస్తకం కావాలన్నయ్యా?" అంది తల ఎత్తకుండా.

"పుస్తకం కాదమ్మా, అట్ట."

"అట్టలు అద్దెకివ్వం."

"అద్దెకి కాదు. కోటు మనిషి ఒకటో నంబరు అట్ట ఉందేమోనని బందరు నుంచి వచ్చాను."

ఆమె అప్పుడు తల ఎత్తి నన్ను పైకీ కిందికీ చూసింది. "అట్ట కోసం బందరు నుంచా! పుస్తకం చదవడానికి వంతెన అవతల నుంచి కూడా రారు. ఆ చివర చెక్క చూడండి, పై వరసలో ఉంటది."

ఉంది. ఎండకు ఎరుపు కొంచెం వెలిసింది, పసుపు బాగానే ఉంది. పైన నంబరు స్పష్టంగా ఉంది. కోటు, కాలరు, టోపీ, చేతిలో పిస్తోలు. బూట్ల పక్కన సన్నటి పాము ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. సరిగ్గా దాని కిందే అదే మనిషి ఇంకోసారి ఉన్నాడు. అదే కోటు, అదే నిలబడ్డ తీరు. కానీ రంగుల్లేవు, నంబరు లేదు. చేతిలో పిస్తోలు కూడా లేదు. కాళ్ల దగ్గర ఒక పెద్ద కత్తెరా, చుట్ట చుట్టిన టేపూ ఉన్నాయి.

"ఇదేంటమ్మా కింద?"

ఆమె నవ్వింది. "అదా? మా ఆయన కేటలాగులో మనిషండి. మా ఆయన దర్జీ. బట్టలు కుట్టేదాకా కూచున్నవాళ్లకి తోచదని నాలుగు పుస్తకాలు తెచ్చి పెట్టారు. పోనుపోనూ కుట్టించుకునేవాళ్లు తగ్గారు, కూచునేవాళ్లు పెరిగారు. ఈ పుస్తకం వచ్చిన రోజు ఒకటే నవ్వు. 'ఒసేవ్, మన కోటాయన ఉద్యోగం మారాడే! సీఐడీలో చేరాడు' అని. కేటలాగులోంచి కత్తిరించి రెండూ ఒక దగ్గర అంటించారు. ఆయన పోయి నాలుగేళ్లు. నేను వాటి మీద వేరేది అంటించలేదు."

"మరి ఈ పాము?"

"పామేంటి! దగ్గరికెళ్లి చూడండి. పాముకి అంగుళాల గీతలుంటాయా? అది టేపు. కథలో మాత్రం పాము ఉంది లెండి. ఎందుకొస్తదో తెలీదు, ఎందుకెళ్తదో తెలీదు. ఒక పేజీలో బుస కొట్టి పోతది."

నాకు విషయం అర్థమైంది. ప్రతి ప్రెస్సులోనూ ఒక సొరుగు ఉంటుంది. శుభలేఖల వినాయకుడు, గొడుగుల షాపు గొడుగు, దర్జీ షాపు కోటు మనిషి, ఇలా తయారు బ్లాకులు మద్రాసు నుంచి కొని అందులో పెట్టుకుంటారు. నోటీసు అచ్చు వేయించుకునేవాడికి ఏది కావాలంటే అది వాడతారు. ఒకటో నంబరు గూఢచారి ఆ సొరుగులోంచి లేచి వచ్చాడు. అతన్ని మా చిత్రకారుడు పుట్టించలేదు. మా యజమాని పుట్టించలేదు.

అట్టను చెక్క నుంచి లేపుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. చింతగింజల జిగురుతో అంటించి పైన వార్నీషు పూశారట. లేపితే ముక్కలవుతుంది, పైగా రెండూ ఒకచోట ఉంటేనే అర్థం ఉంది. పోనీ చెక్క ఇమ్మన్నాను.

"చెక్క ఇస్తే షాపు ఎలా మూస్తానన్నయ్యా? రాత్రికి నోరు తెరుచుకుని ఉంటది."

"ఒక్క ఆదివారం. పొద్దున తీసుకెళ్లి సాయంత్రం తెచ్చిస్తాను."

"అంతొద్దు. తలుపుతో పాటు నేనూ వస్తా. ఆ పిస్తోలు పెట్టినాయన ఎవరో నాకూ చూడాలని ఉంది. మా ఆయన ఆయన్ని చాలా మెచ్చుకున్నాడు. 'కోటు మడత చెడకుండా చెయ్యి ఎంత బాగా తిప్పాడో' అని."

అలా ఆ ఆదివారం నేనూ, ఆవిడా, తలుపు చెక్కా, మేం ముగ్గురం బస్సెక్కాం. నేను ముందు రోజే వెళ్లి అవనిగడ్డలో పడుకున్నాను. కండక్టరు గోనెలో చుట్టిన చెక్కను చూసి, "ఏవమ్మా, తలుపేసుకుని బయల్దేరావు, ఇల్లు బందరులో కడతావా?" అన్నాడు.

"ముందు తలుపు తీసుకెళ్తున్నా. ఇల్లు వెనక బస్సులో వస్తది" అంది ఆమె.

"తలుపుకి టిక్కెట్టు తియ్యాలి మరి."

"అందులో ఇద్దరు మనుషులున్నారు. ఇద్దరూ ఒకటే కోటులో. ఒక టిక్కెట్టు చాల్దా?"

బస్సులో అందరూ నవ్వారు. కండక్టరుకు అర్థం కాలేదు, అయినా టిక్కెట్టు అడగలేదు.

బందరు బస్టాండులో చిత్రకారుడు నా కోసం చూస్తున్నాడు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా నలగకుండా ఉంది. నేను దొరికిందని కానీ దొరకలేదని కానీ ఎవరికీ చెప్పలేదు. యజమానికి కూడా చెప్పలేదు. గోనె విప్పి చెక్కను గోడకు ఆనించాను.

అతను చాలాసేపు చూశాడు. పైదాన్ని చూశాడు, కిందిదాన్ని చూశాడు, మళ్లీ పైదాన్ని చూశాడు. తరువాత వేలితో ఆ టేపును ముట్టుకున్నాడు.

"దీన్ని గీకాననుకున్నానే" అన్నాడు.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు బావా. అంటే, తెలిసుండాలి. అట్ట కోసం మద్రాసులో చేయించిన బ్లాకు పగిలిపోయి వచ్చింది. పాత ఫోర్‌మన్ గారు సొరుగులోంచి ఈ దర్జీ బ్లాకు తీసి నా చేతిలో పెట్టి పొద్దుగూకే లోపల సీఐడీని చెయ్యమన్నారు." టేపు మీంచి వేలు తీశాడు. "నేను మరిచిపోయాను. నీ మీద ఒట్టు. ఇన్నాళ్లూ నేనే పుట్టించాననుకున్నాను."

కోడూరు ఆమె అతన్ని చూస్తోంది. "పిస్తోలు పెట్టింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా."

"బాగుందండి" అంది. మొగుడి మాట కూడా చెప్పింది, కోటు మడత గురించి. అతను దండం పెట్టాడు.

నేను అతనితో ఉన్న మాట చెప్పాను. దీన్ని ఇంకా ఎవరూ చూడలేదు. నన్ను అడిగితే దొరికిందనే చెబుతాను, కానీ ముందు చూడాల్సినవాడివి నువ్వు కాబట్టి ఇక్కడ విప్పాను అన్నాను. దీన్ని చూపిస్తే కోటు మనిషి నాది అన్న నీ మాట పోతుంది. దాంతో పాటు యజమాని మాటా పోవచ్చు. చూపించకపోతే ఏమవుతుందో నాకు తెలియదు.

అతను నవ్వాడు. "నీ లెక్క నాకు వద్దు బావా. ఆడమనిషి తలుపు ఊడదీసుకుని ఇంత దూరం వచ్చింది. చూపించకుండా వెనక్కి పంపితే ఏం మర్యాద?" అని గోనె మళ్లీ చుట్టి, చెక్కను తన నెత్తి మీద పెట్టుకున్నాడు. బస్టాండు నుంచి ఈడేపల్లి దాకా అతనే మోశాడు. నేను మధ్యలో అందుకుంటానన్నా ఇవ్వలేదు. తెల్ల చొక్కా భుజం మీద గోనె నార అంటుకుంది.

అరుగు మీద మా యజమాని అప్పటికే కూర్చుని ఉన్నారు. గుడివాడ వ్యాపారి ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ప్లీడరు గారు భూతద్దం తెప్పించుకుని చెక్కను రెండుసార్లు చూశారు. తరువాత చిత్రకారుణ్ణి అడిగారు.

"ఈ పైది నువ్వు గీసిందేనా?"

"కాదండి."

మా యజమాని కుర్చీలో ముందుకు జరిగారు.

"దర్జీ నోటీసుల బ్లాకండి అది. కత్తెర గీకింది నేను, పిస్తోలు చెక్కింది నేను. టేపు సగం గీకేసరికి మెషీనతను కేకలేశాడు. అలాగే ఎక్కించేశారు."

"మరి మొన్న పుట్టించానన్నావు?"

"అన్నానండి. అబద్ధమని తెలిసి అన్లేదు. అన్నేళ్లు రోజూ గీస్తే ఎవరికైనా తనదేననిపిస్తుందండి."

ప్లీడరు గారు మా యజమాని వైపు చూశారు. "నీకు తెలుసునటయ్యా?"

"ఆ నెల నేను తీర్థయాత్రలో ఉన్నాను" అన్నారు మా యజమాని. ఆయన మొహం ఎర్రబడింది. "వచ్చేసరికి పుస్తకం అమ్ముడైపోయింది. అమ్ముడైనదాన్ని ఎక్కడి నుంచి వచ్చావని ఎవడడుగుతాడండీ?"

"మరి ఆ పాము?" అన్నారు ప్లీడరు గారు. ఆయన ఆ పుస్తకం చదివారని మాకప్పుడే తెలిసింది. కోడూరు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తీర్పు చిన్నది. కోటు ఏ దర్జీ కేటలాగు వాడిదో, అతను రాలేదు కాబట్టి అతని సంగతి మనకు వద్దు అన్నారు. ఇద్దరిదీ కానిదాన్ని నాదని ఒకరు ఇంకొకరిని ఆపడానికి లేదన్నారు. ఎవరి మనిషిని వాళ్లు నడిపించుకోమన్నారు.

చిత్రకారుడు ఊపిరి వదిలాడు. ఉద్యోగం నిలబడింది. నాకూ తేలిక అనిపించింది. మా యజమాని మాత్రం ఆ చెక్కను కొనేస్తానని బేరం మొదలుపెట్టారు. "చెక్కకి చెక్క, టేకుది, చేయించిస్తానమ్మా" అన్నారు. కోడూరు ఆమె గోనె చుట్టుకుంటూ, "బస్సు టైమయిందండి" అంది.

ఆ అరుగు మీద లెక్క సరిగ్గా చేసినవాడు ఒక్కడే, గుడివాడ వ్యాపారి. నేను కూడా చేయలేదు. కోటు ఎవరిదీ కాదంటే దాన్ని ఎవరైనా వేయొచ్చు. ఎవరైనా వేయొచ్చంటే దీనికి నెల జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోవడం ఎందుకు? ఆయన మరుసటి వేసవిలోగా చిత్రకారుడి నెల జీతం ఆపి, బొమ్మకింత అన్నాడు. పేరు వేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. బెజవాడలో ఒకరు, తెనాలిలో ఒకరు కోటు మనిషి పుస్తకాలు మొదలుపెట్టారు. అందరి కోటూ ఒకటే. టోపీలు మాత్రం కొంచెం పెద్దవీ చిన్నవీ.

చిత్రకారుడు పస్తు ఉండలేదు. కోటు మనిషిని అతనంత తొందరగా వేసేవాడు లేడు కాబట్టి అందరూ అతని దగ్గరికే వెళ్లేవాళ్లు. కొన్నాళ్లకు మా యజమాని కూడా నన్నే పంపించి వేయించారు. అతనికి తీరిక లేనప్పుడు బెజవాడ కుర్రాడు వేసేవాడు. ఆ కుర్రాడు ఇతని బొమ్మలు ముందు పెట్టుకుని, గీత మీద గీత నేర్చుకున్నవాడు. నేను నాలుగు ఊళ్ల అట్టలూ సేకరించడం మొదలుపెట్టాను. దేనిమీదా ఎవరి పేరూ లేదు. ఏది ఎవరి చేత వేయించారో, పని ఇప్పించింది నేనే కాబట్టి, మా ప్రెస్సువి వరకు నాకు తెలుసు.

కొన్నేళ్లకు బంధువుల పెళ్లికని బందరు వచ్చి, ఒక మధ్యాహ్నం అతను మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. దూరపు చూపు బాగానే ఉందట, దగ్గరిది కొంచెం తగ్గిందట. అట్టల కట్టలు విప్పమన్నాడు. చాప మీద పరిచాను. తనవి ఒక పక్కకూ, తనవి కానివి ఇంకో పక్కకూ తీయడం మొదలుపెట్టాడు. ఆలోచించకుండా తీశాడు, పేక ముక్కలు పంచినట్టు. చాలావరకు సరిగ్గానే తీశాడు.

తరువాత పెన్సిలు అడిగాడు. తన వైపు ఉన్న ప్రతి అట్టకూ కింది మూల చిన్నగా తన పేరు రాయడం మొదలుపెట్టాడు. సన్నగా కీర్తన పాడుకుంటున్నాడు. మధ్యలో ఒక అట్ట చేతికి వచ్చింది. రేవులో ఓడ, ఎర్రటి ఆకాశం, కోటు మనిషి వీపు మాత్రం కనిపిస్తుంది. దాన్ని వెలుగుకు పట్టుకుని చూశాడు.

"ఇది చూడు బావా. ఆ రోజు చెయ్యి ఎలా నడిచిందో. ఇంత బాగా మళ్లీ వెయ్యలేదు నేను."

ఆ అట్ట నాకు బాగా గుర్తు. ఆ నెల ఇతనికి టైఫాయిడు. బ్లాకుకు ఆలస్యమవుతుందని బెజవాడ కుర్రాడి పక్కన కూర్చుని వేయించింది నేనే.

"పెన్సిలు మొద్దుబారింది" అన్నాడు.

తీసుకుని, ముల్లు బాగా సన్నంగా వచ్చేలా చెక్కి ఇచ్చాను.